రెండు సంతకాల డబ్బా

లీటరు నీళ్ళు పట్టే తెల్లటి ప్లాస్టిక్ డబ్బాని నేను. దక్షిణాన గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలు, ఉత్తరాన తడ, మధ్యలో ఆరంబాక్కం. తూర్పున ప్రళయ కావేరి సరస్సు. బయటి ఊళ్ళవాళ్ళకు పులికాట్. కాలుష్య నియంత్రణ ఇంజనీరు నన్ను మంచు పెట్టెలో పెట్టుకుని ఈ దారుల్లో తిప్పేవాడు.

ఫ్యాక్టరీకి వెళితే ముందు గేటు. రిజిస్టరులో సంతకం, తలకు హెల్మెట్, మేనేజరు వచ్చేదాకా కుర్చీ. ఒకచోట, ఆ కాసేపట్లోనే, లోపలెక్కడో మోటార్లు మొదలైన చప్పుడు విన్నాను. మేం గొట్టం దగ్గరికి చేరేసరికి నీళ్ళు తేటగా పడుతున్నాయి.

ఆ నీళ్ళతోనే నన్ను మూడుసార్లు కడిగి నింపారు. 1974 నాటి నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం నమూనాను యజమాని మనిషి ఎదుటే రెండు భాగాలు చేయాలి, సీలు వేయాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఈ పద్ధతి తప్పితే ఫలితం కోర్టులో నిలవదు. మంచి నియమమే, అధికారి కక్షతో ఏ నీళ్ళో నింపుకుపోకుండా ఫ్యాక్టరీకి అది రక్ష. కానీ నాలో పడేది ఆ ఒక్క నిమిషం నీళ్ళే. బీఓడీ, అంటే మురికిని తినే సూక్ష్మజీవులు వాడుకునే ప్రాణవాయువు, లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. అది తేలాలంటే 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచాలి. మూడు రోజుల్లో కాలువ ఎంత దూరం పోతుంది!

ఆ నీళ్ళు చేరే సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది. మా ఇంజనీరు అధికారం తమిళనాడు సరిహద్దు గీత దాకే.

గట్టు మీద చేత్తో రొయ్యలు ఏరే ఒకామె ఓసారి మమ్మల్ని ఆపింది. "పగటేల నీళ్ళు బాగానే ఉంటాయి సామీ. వాన పడే రేత్తిరి రండి."

ఆయన వచ్చాడు. టార్చి వెలుగులో కాలువలోకి వంగి నన్ను ముంచాడు. నాలో నురగ, ముక్కు మండించే వాసన. చోటు, టైము రాశాడు. తన సంతకం పెట్టాడు. రెండో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఎన్నో ఫ్యాక్టరీల వెనక నుంచి వచ్చే కాలువకు యజమాని ఎవరని రాయాలి?

"నాకు సంతకం రాదు సామీ, వేలిముద్ర వేసేదా?" అంది ఆమె.

ఆయన ఆ ఖాళీ గడినే చూస్తూ నిలబడ్డాడు. చినుకులకు సిరా కరిగిపోకుండా ఆమె నా మీద కొంగు కప్పింది.