పుట్టింటి చుట్టము

పొదుపునకును, ఒళ్లు దాచుకొనక పనిచేయుటకును చీమను మించిన ఉపమానము బడిపుస్తకములలో దొరకదు. బద్ధకించు బాలుని చీమను చూపి సిగ్గుపఱుపని పంతులును, చేయిజారి ఖర్చుపెట్టు కోడలికి చీమను ఉదాహరింపని అత్తగారును అరుదు. అయితే కణము కణము కూడబెట్టిన ఆ సంసారములో కూర్చుండి తినువారెవరన్న సందేహము ఆ పంతులుకును రాదు, ఆ అత్తగారికిని రాదు. పుట్టలో పాము చేరుట మనమెఱిగినదే. కాని పాము బలముచే చేరును, చేరిన పిమ్మట ఇంటివారచ్చట కాపురముండరు. నేను చెప్పబోవు పెద్దమనిషి అట్టి మోటువాడు కాడు. ఆయన ఇంటివారందఱును ఉండగనే చేరును; చేరుట యననేల, వారే ఆయనను ఎత్తుకొని లోపలికి తీసికొనిపోవుదురు.

ఇట్టి చుట్టముల వంశావళిని శ్రద్ధతో సేకరించినవాడు ఎరిక్ వాస్మన్ (1859–1931) అను జెసూయిట్ సన్న్యాసి. చీమల యిండ్లలోను, చెదల యిండ్లలోను మకాముపెట్టిన జీవుల పట్టికను ఆయన 1894లో ప్రకటించెను. అందు చీమల యింట చేరినవారే వేయికి పైగా నుండిరి. ఆలుబిడ్డలు లేని సన్న్యాసికి చుట్టముల బెడదను గూర్చి ఇంత తెలియుట విచిత్రమే కాని, నిజమునకు తీరికగా లెక్కవ్రాయుట అట్టివానికే చెల్లును. గృహస్థునకు వడ్డనతోనే సరిపోవును. ఇంటివారు తరుమువారు, ఇంటివారు పట్టించుకొననివారు, ఇంటివారు నెత్తిన పెట్టుకొనువారు అని ఆయన వీరిని స్థూలముగా మూడు తరగతులు చేసెను.

తరుముచుండగా తినువారిని చూచుటకు సీమకు పోనక్కఱలేదు. ఆకులను తమ పిల్లల నోటి పట్టుదారముతో కుట్టి మామిడిచెట్లపై గూళ్లుకట్టు ఎఱ్ఱచీమలను, కాయ కోయుటకు చెట్టెక్కిన ప్రతివాని వీపును ఎఱుగును. ఆ గూటిలోనే దూరి, ఆ పిల్లలనే మేసి పెరుగు లిఫైరా అను సీతాకోకచిలుక యొకటి మన దేశమునను కలదు. దాని పిల్లపురుగునకు పైచర్మమే డాలు. అంచులు క్రిందికి ఆనియుండుటచే చీమ కోరకు పట్టు చిక్కదు. రెక్కలు వచ్చి వెలువడు దినమున దాని ఒడలినిండ ఊడివచ్చు పొలుసులుండును. పట్టబోయిన చీమలు ఆ పొలుసులతో నోళ్లు నిండి మూతులు తుడుచుకొనుచుండగా ఆ జాణ మెల్లగా జాఱుకొనును. దీనిని అతిథియనుటకు నాకు నోరు రాదు.

రెండవ తరగతివారికి కొంత నేర్పు కలదు. చీమ పొట్టలో రెండు సంచులుండును; ఒకటి తన కడుపు, రెండవది ఊరుమ్మడి కడుపు. బయట త్రాగిన తీపిరసమును ఈ రెండవదానిలో దాచితెచ్చి, ఆకొన్న తోడివారి నోటికి నోరు ఆనించి బొట్టుబొట్టుగా అందించును. 1896లో షార్ల్ జానే అను ఫ్రెంచి ఇంజనీరు తాను పెంచుచున్న పుట్టలో చూచిన దృశ్యమిది: రెండు చీమలు ముందుకాళ్లెత్తి ఎదురెదురుగ నిలిచినవి, రెండు నోళ్ల నడుమ రసబిందువొకటి మెఱయుచున్నది, ఇంతలో వెండిపురుగుల జాతికి చెందిన ఆటెలూరా యను చిన్నది ఆ రెంటి గడ్డముల క్రిందుగా దూసుకొనివచ్చి, ఆ బిందువులో ఒక్క గుటక వేసి, వచ్చినంత వేగముగ మాయమైనది. ఇచ్చువాని నోరును పుచ్చుకొనువాని నోరును పనిలో నున్నవి గనుక తిట్టుటకు తీరిక యెవరికిని లేకపోయెను. నల్లులవంటి చిన్నజీవులను గూర్చియు జానే వ్రాసెను. అవి చీమపై నెక్కి తిరుగును, ముందుకాళ్లతో దాని మూతి దువ్వి తిండి రాబట్టుకొనును. ఒక్కటే యైనచో గడ్డము క్రింద కూర్చుండును. మూడైనచో గడ్డము క్రింద నొకటి, పొట్టకు ఇరుప్రక్కల చెఱియొకటిగ సర్దుకొనును, మోయువానికి బరువు ఒకవైపునకు ఒరుగరాదు గదా! ఎక్కి కూర్చున్నవారు మోయువారి సుఖమును ఇంతగా విచారించుట మానవసమాజమున నేనింకను చూడలేదు.

ఇక మన నాయకుడు. పేరు లొమెకూసా, జన్మభూమి ఐరోపా అడవులు, పెంకుపురుగుల కులము, పొడవు ఐదాఱు మిల్లీమీటర్లు, పొట్టకు ఇరువైపుల పసిడివన్నె రోమగుచ్ఛములు. పైనుచెట్ల ఆకులను కుప్పవోసి మేడలు కట్టు ఫార్మికా చీమలు ఈయనకు వేసవి యజమానులు. వాకిటికి వచ్చి ఆయన తొందరపడడు. ఎదురైన చీమను మీసములతో సుతారముగ తాకి, వెంటనే వెనుకకు తిరిగి పొట్టకొనను పైకెత్తి చూపును. అచ్చట ఊరు రసమును నాకిన చీమకు కోపము చల్లారును. నాకుచు నాకుచు ప్రక్కనున్న రోమగుచ్ఛముల దగ్గఱకు వచ్చును. ఆ మూలమున నున్న గ్రంథుల వాసన దానిని మఱింత మరులుగొల్పును. అంతట ఆయన పొట్ట దించి, ఒడలు ముడుచుకొని, తన్ను తీసికొనిపోవుటకు అనువుగ నుండును. చీమ ఆ రోమములను కోరలతో పట్టి, ఆయనను వీథిగదిలో దింపక, తిన్నగా పిల్లలను పెంచు గదికి చేర్చును.

ఇట్టి మహనీయులు మన యిండ్లలోను లేకపోలేదు. ఎవరి తరపు బంధువో ఎవరికిని తెలియదు. అత్తగారు మామగారివైపు వారనుకొందురు, మామగారు అత్తగారివైపు వారనుకొందురు. వచ్చుటతోనే, "ఏవమ్మా, చిక్కిపోయావు, ఒంట్లో బాగుండడం లేదా?" అని ఇల్లాలిని పలుకరింతురు, ఆ పలుకరింపు విని పదేండ్లయిన యామె పొంగి కాఫీకి నీళ్లు పెట్టును. కానీఖర్చునకు సయితము లెక్కవ్రాయు గృహస్థుకూడ ఆయన భోజనము నేపద్దులో వ్రాయవలెనో తెలియక ఊరకుండును. ఆయన తెచ్చినదేమి? ఒక మంచిమాట. చీమకైనను అంతే. కటికచీకటిలో కాపురముండు ఆ జాతికి ముఖపరిచయము లేదు. వాసన కలిసినచో మనవాడు, కలియనిచో పగవాడు. అంత కచ్చితమైన కాపలా యున్నది గనుకనే, ఆ కాపలాను దాటినవానిని మఱి యెవరును ప్రశ్నింపరు.

లోపల చేరిన పిమ్మట ఆయన దినచర్య వర్ణింప నేమియు లేదు. మీసముతో తట్టుట, ముందుకాలితో మూతి తాకుట, తినుట. చెప్పవలసినది సంతానమును గూర్చి. ఆయన పిల్లపురుగులు తల పైకెత్తి చీమల నోళ్లు తడవుచు, ఇంటిపిల్లలకంటె గట్టిగ మారాము చేయును. హోల్డోబ్లర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చీమల ఆహారములో రేడియోధార్మిక పదార్థమును కలిపి అది ఎవరి కడుపున ఎంత చేరునో కొలిచెను. చీమపిల్లలకంటె ఈ పెంపుడుపిల్లలకే ఎక్కువ వాటా ముట్టినట్లు తేలెను. అది చాలక ఇవి తమ పాలుపంచుకొనుచున్న ఆ చీమపిల్లలనే తినును. ఇంత జరిగినను దాదులు వానిని కడిగి, నాకి, ప్రక్కలు మార్చుచుండును. చీమలకు సహజముగనే ఆతిథ్యబుద్ధి యొకటి కలదని పాపము వాస్మన్ నమ్మెను. నాకట్లు తోచదు, తన బిడ్డలను పెంచు బుద్ధిని ఒకడు వాసనతో దారి మళ్లించుకొనుట యది.

ఇట్లైనచో పుట్టలన్నియు ఏనాడో పాడుపడవలసినది, పడలేదు. ఒక కారణము, ఈ పిల్లపురుగులకు చీమపిల్ల యేదో తమ తోబుట్టువేదో తెలియదు. దొరికిన దానినెల్ల తినును గనుక వాని సంఖ్య వానిచేతనే తగ్గును. రెండవది వాస్మన్ తన గాజుపెట్టెలలో, లొమెకూసాకు దగ్గఱి జ్ఞాతియైన యొక పురుగు విషయమున చూచినది. పిల్లపురుగు ఎదిగి నిద్రావస్థకు రాగానే చీమలు దానిని తమ పిల్లలనువలెనే మట్టిలో కప్పును. చీమపిల్లలు గూడల్లుకొనగనే బయటికి తీసి శుభ్రపఱుచుట వాని యాచారము గనుక, దీనిని కూడ అట్లే త్రవ్వి తీసి, తుడిచి, మఱియొకచోట పాతిపెట్టును. ఆ పురుగునకు కదలిక సరిపడదు, అనేకము చచ్చును. చీమలు పాతిపెట్టి మఱచిపోయినవి మాత్రము బ్రతికి బయటపడును.

ఇక బ్రతికి పెద్దదైన మన లొమెకూసా శరత్కాలమున ఈ యింటి పరిస్థితులను గమనించును. ఫార్మికాల యింట చలికాలమున పిల్లల పెంపకము ఆగిపోవును, వంటయు తగ్గును. అడవి అంచున పచ్చికలోని మిర్మికా చీమలు మాత్రము చలిలోను పిల్లలను విడువవు. దారి దూరము, గాలిలో తేలివచ్చు వాసనయే గుఱుతు. కావున ప్రయాణమునకు ముందు ఆయన ఈ యింటివారిని ఒక్కొక్కరినే తట్టి, మూతి తాకి, కడుపునిండ పెట్టించుకొనును; అది ముగిసినగాని బయలుదేరడు.