స్ప్లిట్టర్ విజయము (ఏకాశ్వాస ప్రబంధము)

కాలిఫోర్నియా సీమలో, మాంటెరే పట్టణానికి చేరువలో, లగూనా సెకా అనే రణరంగం కలదు. 1957లో వెలసిన ఆ రేస్ ట్రాక్ నిడివి 3.6 కిలోమీటర్లు, మలుపులు 11. అక్కడికి మాజ్దా మియాటా అనే పొట్టి రథమెక్కి వచ్చే మహారథి ఈ కావ్యానికి నాయకుడు కాడు. ఆ రథం ముక్కు కింద, నేలకు బెత్తెడెత్తున, బోర్లా పడుకున్న అరంగుళం మందపు బర్చ్ ప్లైవుడ్ చెక్కే ధీరోదాత్త నాయకుడు. స్ప్లిట్టర్ అనేది ఆయన బిరుదనామం.

ప్రబంధ మర్యాద తప్పకుండా ముందు కుకవినింద. పలచని ప్లాస్టిక్ బంపర్‌కు నాలుగు స్క్రూలు బిగించి చేతులు దులుపుకునేవారు, జిప్ టైలను బ్రహ్మముడులుగా భావించేవారు, "మెల్లగా వెళ్తాంలే" అంటూ ట్రాక్‌కు వెళ్లేవారు ఈ కావ్యం జోలికి రాకుందురు గాక!

ఇక నాయకుడి ప్రభావం. ఎదురొచ్చిన గాలి బంపర్‌ను ఢీకొని, ముందుకు దారిలేక చెక్క మీద కుప్పపడి పీడనం పెంచుతుంది. కిందికి దూరిన గాలి ఇరుకు సందులో పరుగందుకుని పీడనం పోగొట్టుకుంటుంది. పైనున్న కలిమికీ కిందనున్న లేమికీ నడుమ చెక్క నేలకేసి అణుగుతుంది, ముందు టైర్లు రోడ్డును కరిచి పట్టుకుంటాయి. వేగం రెండింతలైతే ఆ అదుము నాలుగింతలు! బలిచక్రవర్తిని తొక్కడానికి వామనుడు మూడో అడుగు దాకా ఆగాడు. వాయుదేవుడికి ఆ ఓపిక కూడా లేదు. ఆ భారమంతా ప్లాస్టిక్ బంపర్ మోయవలసి వస్తే అది అప్పడంలా విరుగుతుంది.

కనుక కవచధారణ. చెక్క కోసిన అంచులకు, తొలిచిన రంధ్రాలకు ఎపాక్సీ లేపనం. లేకుంటే పొరల్లోకి నీరు దిగి వీరుడు ఉబ్బిపోతాడు. బంపర్‌ను దాటి, వెనకున్న చాసిస్‌కే బిగిసిన అల్యూమినియం ఎల్-యాంగిళ్లు భుజకీర్తులు. బోల్టు తల చెక్కను చీల్చుకుని ఊడిరాకుండా, బరువును నలుదిక్కులకూ పంచే వెడల్పాటి వాషర్ వక్షఃకవచం. ఇంజన్ ఎంత దడదడలాడించినా పట్టు వదలని నైలాక్ నట్టు, లోపల నైలాన్ కంఠాభరణంతో, అంగరక్షకుడు. ముందంచు నుంచి పైకి ఏటవాలుగా సాగి చాసిస్‌ను అందుకున్న రెండు సన్నని కడ్డీలు సేనానులు. ఒక కొనకు కుడి మర, మరో కొనకు ఎడమ మర. నడిమిని పట్టి తిప్పితే చాలు, కడ్డీ పొడవు మారుతుంది, అంచు సమంగా నిలుస్తుంది.

అదిగో లగూనా సెకాలోని కార్క్‌స్క్రూ! ఎడమకు ఎనిమిదో మలుపు, ఊపిరి పీల్చేలోగా కుడికి మరొకటి. ఆ నడుమ రోడ్డు ఐదంతస్తుల మేడ మీంచి దూకినట్టు దాదాపు 18 మీటర్లు పల్లానికి జారుతుంది. బ్రేకు పడింది! రథం ముక్కు వంచింది! బెత్తెడు కాస్తా రెండు వేళ్లయింది! మలుపు అంచునున్న గట్టు, కింది నుంచి చెక్కను ఒక్క పోటు పొడిచింది! గాలి కిందికి తొక్కేటప్పుడు లాగి నిలబెట్టిన కడ్డీ, ఈ పైపోటుకు నడుము వంచి సాష్టాంగపడింది. సేనాని కూలాడు, యాంగిళ్లు మిగిలాయి, చెక్క నిలిచింది. ఆ సేనాని వెల ఒక పూట భోజనం ఖర్చు. ఆయన వంగకుండా భీష్మించి ఉంటే చీలేది నాయకుడే. చెక్క ఊడి ముందు టైర్ల కిందికి వెళ్లిందా, ఆ పై కథ ప్రబంధంలో కాదు, బీమా కాగితాల్లో రాయాలి.

ఫలశ్రుతి: ఈ కావ్యం విన్నవారికి పుణ్యం, చదివినవారికి మోక్షం. చాసిస్‌కు బిగించినవారికి మాత్రమే మలుపులో పట్టు. నమ్మకం కుదరనివారు గ్యారేజీలోనే ఆ చెక్క ముందంచు మీద రెండు కాళ్లతో ఎక్కి నిలబడండి. వంగితే రెంచి అందుకోండి, వంగకపోతే హెల్మెట్ అందుకోండి.