అల్లుడుగారి సాలీడు

మాది పురుగుల్ని చంపే వృత్తి. స్వయంగా కాదు లెండి. నరసరావుపేటలో మా కొట్టుకి రైతు ఓ మిరపాకో పత్తికాయో పట్టుకొచ్చి బల్లమీద పెడతాడు. తిరగేసి చూసి ఇది ఎర్రనల్లి, ఇది గులాబీరంగు పురుగు అని తేల్చి డబ్బా చేతికివ్వడం నా పని. తగ్గకపోతే మళ్లీ వస్తాడు. ఇంకో డబ్బా ఇస్తాను. 2021లో నల్ల తామరపురుగు మిరపతోటల మీద పడ్డప్పుడు మాత్రం ఏ డబ్బాకీ లొంగలేదు. అది వేరే కథ, బాకీలు వసూలు కాని కథ.

అలాంటివాణ్ణి పట్టుకుని మా అల్లుడు, అమెరికా వెళ్లిన మర్నాడే ఓ గాజుపెట్టె ముందు నిలబెట్టి, "మావయ్యగారూ, మేం ఆఫీసులకి పోయాక దీన్ని కాస్త కనిపెట్టుకుని ఉండండి" అన్నాడు. మేం వెళ్లింది మనవణ్ణి కనిపెట్టుకుని ఉండటానికి. వాడు పొద్దున్నే స్కూలు బస్సెక్కిపోతాడు గనక మాకు ఖాళీ అని ఆయన లెక్క.

పెట్టెలో నిలువుగా ఓ బెరడు ముక్క ఉంది. దాని వెనక నించి ఒక కాలు బయటికొచ్చింది. నీలం. పెళ్లిపట్టు చీరలో కూడా అంత నీలం నేను చూళ్లేదు. మధ్యమధ్య పసుపు మచ్చలు. తరవాత ఇంకో కాలు, ఇంకోటి... మా ఆవిడ నాలుగో కాలు దాకా ఉండి వంటింట్లోకి వెళ్లిపోయింది. పూర్తిగా కాళ్లు చాపితే నా అరచెయ్యీ వేళ్లూ కప్పేటంత ఉంటుంది.

"ఎక్కణ్ణించి తెచ్చారు బాబూ, ఆఫ్రికానా?"

"మన గిద్దలూరు, మావయ్యగారూ."

వేళాకోళం అనుకున్నాను. కాదు. లండన్ మ్యూజియంలో పనిచేసే పొకాక్ అనే ఆయన 1899లో దీన్ని లోకానికి పరిచయం చేసి పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆయనకి అందిన సాలీడు గుత్తిలో, రైల్వేవాళ్ల కట్టెల యార్డులో దొరికింది. అందుకని ప్రపంచమంతా దీన్ని గుత్తి సాలీడనే అంటుంది. ఆ తరవాత నూరేళ్లు దాని అయిపూ అజా లేదు. చివరికి 2001లో నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య రిజర్వు ఫారెస్టులో, చెట్ల తొర్రల్లో మళ్లీ కనిపించింది. గుత్తి అక్కడికి దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు. అంటే నల్లమల కట్టెల్లో నక్కి, టిక్కెట్టు లేకుండా రైల్లో గుత్తి దాకా పోయి, దిగినచోట పట్టుబడి, ఆ ఊరినే ఇంటిపేరు చేసుకుందన్నమాట. గిద్దలూరువాళ్లు ఇంతవరకూ దావా వెయ్యకపోవడం వాళ్ల పెద్దమనసు.

ఆ లైన్లో నేను పోయినన్నిసార్లు టీటీఈ కూడా పోయి ఉండడు. మహానంది వెళ్లాలంటే మాకదే దారి. వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు. మెరక పత్తిచేలూ మిరపచేలూ అయిపోయి, దిగువమెట్ట దగ్గర అడవి మొదలవగానే మా ఆవిడ పులిహోర డబ్బా మూత తీస్తుంది. ఆ కిటికీలోంచి కోతుల్ని చూశాం, నెమళ్లని చూశాం. దీన్ని చూడాలని మాత్రం తోచలేదు. పగలు తొర్రలోంచి బయటికి రాదు గనక తప్పు పూర్తిగా మాది కాదు.

దాని ప్రపంచమంతా కలిపి 100 చదరపు కిలోమీటర్ల లోపే. పెద్దచెట్లు కలపకీ వంటచెరకుకీ పోతుంటే తొర్రలు ఎక్కణ్ణించి వస్తాయి? 2008లో ఐయూసీఎన్ వాళ్లు దీన్ని అంతరించిపోయే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నవాటి వరసలో చేర్చారు. 2019 నించి ఈ జాతిని దేశం దాటించి అమ్మాలంటే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అనుమతి కాగితాలు ఉండాలి. ఇక మన రిజర్వు ఫారెస్టులోంచి ఎండుపుల్ల తెచ్చినా కేసే. కాబట్టి ఇది చదివి ఎవరూ దిగువమెట్టలో దిగే ప్రయత్నం చెయ్యకండి. మా అల్లుడిది పెట్టెల్లోనే పుట్టి, పెట్టెల్లోనే పెరిగిన వంశం. జన్మతః అమెరికన్. అల్లుడేమో ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు వరసలో ఉన్నాడు. ఈ సంగతి ఆ పెట్టె దగ్గర ఎవరం ఎత్తం.

అక్కడ మొదట్లో ఒక్కోటి 500 డాలర్ల పైన కూడా పలికిందట. నేను వెంటనే తేజా మిర్చి టిక్కీల్లోకి మార్చి చూసుకుని, మంచినీళ్లు తాగాను. ఇప్పుడు పిల్లలైతే చవగ్గానే వస్తాయన్నాడు.

నిజానికి కొత్తగా పెంచేవాళ్లు దీని జోలికి పోకూడదు. మెక్సికో నించి వచ్చిన ఎర్రమోకాళ్ల సాలీడు ఒకటుంది, దానితో మొదలుపెట్టాలంటారు. అది నింపాదిగా నేలమీద బతుకుతుంది. కోపమొస్తే పొట్టమీది నూగు కాళ్లతో దువ్వి మీదికి విసురుతుంది. దురద పుడుతుంది, అంతే. మన గిద్దలూరు పిల్లకి ఆ నూగు లేదు. ఉన్నవి పరుగూ కాటూ. కాటుకి ప్రాణం పోదు గానీ కండరాలు పట్టేసి రోజుల తరబడి మెలితిప్పేస్తుంది. కానీ మా అల్లుడు గుంటూరులో ఎల్కేజీ నించే ఐఐటీ ఫౌండేషన్ చదివిన మనిషి. తేలికదానితో మొదలుపెట్టడం ఆయనకి నామోషీ.

నాకో కాగితం రాసిచ్చాడు. చెయ్యాల్సినవి రెండే: చిన్న మూతలో నీళ్లు, వారానికో కీచురాయి. చెయ్యకూడనివి మాత్రం పేజీ నిండా ఉన్నాయి. ఎండ తగలనివ్వకూడదు. దీపం పెట్టకూడదు. పెట్టె తట్టకూడదు. చేత్తో ముట్టుకోకూడదు. కిందపడితే దాని పొట్ట చిట్లిపోతుంది. తినకపోతే బలవంతం చెయ్యకూడదు, వారాలకి వారాలు పస్తుండటం దానికి మామూలే.

ఇది తెలుగిళ్లలో జరిగే పనేనా? మొదటివారం వంటింటి గడప దాటి రాని మా ఆవిడ, రెండోవారం అది తినలేదని తెలిసేసరికి పెట్టె ముందు కుర్చీ వేసుకుంది. "ఎంగిలి పడలేదండీ. ఇంకోటి వేసి చూడండి." నాకేమో వృత్తి అడ్డం. తెగులు కనపడగానే ఏదో ఒకటి కొట్టించి పంపాలి. 'ఏమీ చెయ్యకండి, చూస్తూ ఉండండి' అని నాలుగురోజులు కొట్లో చెబితే ఐదోరోజు షట్టర్ ఎత్తక్కర్లేదు. సాలీడు మిత్రపురుగు, అనవసరంగా మందు కొట్టకండి అని లాం ఫారం శాస్త్రవేత్తలు చెప్పే సభల్లో ముందు వరసలో కూచుని, తలాడించి, కాఫీ తాగి వచ్చి యథాప్రకారం డబ్బాలు అమ్మినవాణ్ణి నేను. పైగా మిరపతోటల్లో నేను చంపించిన నల్లి ఉందే, దానికీ ఎనిమిది కాళ్లే. వరసకి దీనికి చుట్టమే.

కీచురాళ్లు దుకాణంలో అమ్ముతారు. పురుగుల్ని డబ్బిచ్చి కొనడం నా జన్మలో అదే మొదలు. పెరట్లో బోలెడు గెంతుతున్నాయి గదా అంటే, గడ్డికి మందు కొట్టి ఉంటారు, అవి తింటే ఇది చచ్చిపోతుందన్నాడు అల్లుడు. మారు మాట్లాడలేదు. మా పేట చుట్టుపక్కల అసలు మందు తగలని కీచురాయి దొరుకుతుందో లేదో నాకు తెలిసినంత ఎవరికి తెలుసు?

పొడుగాటి పటకారుతో కీచురాయిని లోపల వదులుతాను. అది కొబ్బరిపొట్టు మీద నాలుగడుగులు వేసి మీసాలు ఆడిస్తుంది. (ఆ కొబ్బరిపొట్టు కూడా ఇటుకలా నొక్కి డాలర్లకి అమ్ముతున్నారు.) బెరడు మీద నీలం కాళ్లు అలాగే ఉంటాయి, ఎంతసేపైనా. ఇవాళ కూడా ఉపవాసమే అనుకుని మనం కన్ను ఆర్పేలోపు బెరడు ఖాళీ, కీచురాయి కోరల్లో ఉంటుంది. దూకడం ఒక్కసారీ నా కళ్లకి చిక్కలేదు.

పస్తుల మధ్యలో ఓ రోజు పొద్దున్నే కేక. "ఏవండీ, కనింది!" పరిగెత్తాను. నిజంగానే పెట్టెలో రెండున్నాయి. ఒకటి బెరడు మీద. రెండోది కింద, అవే కాళ్లు, అవే కోరలు, కదలకుండా. అది ఒట్టి తోలు. పాము కుబుసం విడిచినట్టు రాత్రి ఒళ్లంతా విడిచింది, కోరల పైపొరతో సహా. పైనున్నదాని నీలం నిన్నటికన్నా నిగనిగలాడుతోంది. కోరలు గట్టిపడేదాకా మళ్లీ తిండి పెట్టకూడదు. మా ఆవిడ అది పురిటి పథ్యం అని తేల్చేసింది.

సాయంత్రం అల్లుడు ఆ తోలుని నీళ్లలో నానబెట్టి, పొట్టభాగం విప్పి, భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, ఎగిరి గంతేశాడు. "ఆడపిల్ల!" మగవి మూడు నాలుగేళ్లకే పోతాయి. ఆడవి 11, 12 ఏళ్లు బతుకుతాయి. అందుకని ఆ లోకంలో ఆడపిల్ల పుడితే పండగ. ఇదే మాట నరసరావుపేటలో ఏ స్కానింగు సెంటర్లోనో కడుపులో బిడ్డ గురించి చెప్పి ఉంటే 1994 నాటి చట్టం కింద లోపలేసేవాళ్లు. అప్పటిదాకా నీలంగా ఉందని కృష్ణుడని పిలుస్తున్న మా ఆవిడ, ఆ రాత్రే కృష్ణవేణి అని మార్చింది.

ఇంకొన్నాళ్లకి, ఇంట్లో మేమిద్దరమే ఉండగా, వీపున ట్యాంకు తగిలించుకుని ఒకాయన తలుపు కొట్టాడు. మూడు నెలలకోసారి ఇంటింటికీ మందు కొట్టే కాంట్రాక్టు మనిషి. ట్యాంకు మీద చీటీ చదివాను. బైఫెంత్రిన్. అదేమిటో, ఎవరి పని ఎలా పడుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి "నో స్ప్రే" అన్నాను. ఆయన కాగితం చూపించాడు. నేను పెట్టె చూపించాను. అంత విషం వీపున మోసే మనిషి రెండడుగులు వెనక్కి వేసి, మీరేం చేస్తుంటారు సార్ అనడిగాడు. సేమ్ బిజినెస్ అన్నాను. నమ్మలేదు.

వ్యాను కదిలాక మా ఆవిడ బయటికొచ్చింది. "పంపించేశారా? వంటింట్లో చీమలు బారులు కట్టాయి. ఆ ఒక్క మూలైనా కొట్టించకపోయారా?" కుదరదన్నాను. నా వంక వింతగా చూసి, సూట్‌కేసులోంచి గుంటూరు కారం పొట్లం తీసి చీమల బారుకి అడ్డంగా గీత గీసింది. చీమలు చుట్టూ తిరిగి పోతున్నాయి. అల్లుడు మాత్రం కాఫీకి వెళ్లిన ప్రతిసారీ తుమ్ముతున్నాడు.