బలవంతము చేయరాదు: టీకా తాత్పర్య సహితము

మూలము: చుట్టు బిగిసినచో బలవంతము చేయరాదు. ఓపిక పట్టవలెను. తక్కినది అనుభవమున తెలియును.

అవతారిక: ఈ సూత్రకర్త ఎవరో, ఏ కాలంవాడో తేల్చే ఆధారాలు లేవు, అక్కర్లేదు కూడా. బీరువాలో పాత మీడియం ఫార్మాట్ కెమెరా ఉన్న ప్రతి పెద్దమనిషీ దీనికి కర్తే. మీరు రోలైఫ్లెక్స్ తీసుకెళ్ళండి, పెంటాకాన్ సిక్స్ తీసుకెళ్ళండి, "అయ్యా, ఏడో బొమ్మ దగ్గర తిరగడం మానేసింది" అని మొర పెట్టుకోండి. ఆయన కళ్ళు అరమోడ్చి ఈ మూడు వాక్యాలూ సెలవిస్తాడు. కెమెరాను మాత్రం చేతిలోకి తీసుకోడు.

మల్లినాథసూరిని మన మెతుకుసీమ కొల్చారం వాడంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడాయన. ఆ ఒట్టు నాకు పనికిరాదు. ఈ మూలంలో ఉన్నది మాత్రమే రాస్తే అరపేజీ నిండదు; కావలసినదంతా మూలానికి బయటే ఉంది.

ప్రతిపదార్థము: స్పష్టము. కష్టమైన చోటల్లా స్పష్టమని రాసి దాటిపోవడం వ్యాఖ్యాతల ఆచారం. ఇక్కడ నిజంగానే స్పష్టం.

టీక: "బలవంతము చేయరాదు" అన్నది నిషేధం. ప్రసక్తి ఉన్నచోటే నిషేధం ఉంటుందని మీమాంసకుల మతం. ఆకాశంలో ఎవడూ యజ్ఞవేదిక పేర్చబోడు గదా, మరి అక్కడ పేర్చరాదన్న వాక్యం దేనికని వాళ్ళు తలలు బద్దలు కొట్టుకున్నారు. ఇక్కడ ఆ చిక్కు లేదు. లోకంలో అందరూ బలవంతం చేస్తున్నారు కనుకనే చేయరాదన్నారు. సూత్రకర్తా ఒకప్పుడు చేసే ఉంటాడు; ఆయన కెమెరా బీరువాలో ఉండడమే సాక్ష్యం.

"చుట్టు బిగిసినచో." ఎందుకు బిగిసింది? ఆచార్యులవారు మౌనం. న్యాయశాస్త్రం చదివినవాడెవడూ ఇక్కడ ఊరుకోడు. పొగను చూసి నిప్పును ఊహించవచ్చు గానీ, పిడి కదలడం లేదు గనుక ఫిలిం ఇరుక్కుందనడం చెల్లదు. ఆ హేతువు సవ్యభిచారం, అంటే వేరే కారణాలున్నచోటా కనబడేది. రోలైఫ్లెక్స్‌లో పిడి ముందుకు తిప్పితే ఫిలిం జరుగుతుంది, వెనక్కి తిప్పితే షట్టరు ఎక్కుతుంది. ఆ ఎక్కిన షట్టరును నొక్కేదాకా పిడి మళ్ళీ ముందుకు కదలదు, బొమ్మ మీద బొమ్మ పడకుండా కట్టిన గడియ అది. కెమెరా ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తైన దాన్ని రోగమనుకుని ఎందరు పిడులు విరిచారో! ముందు షట్టరు నొక్కి చూడమని ఒక్క మాట చెప్పడానికి సూత్రకర్తకు నోరెందుకు రాలేదు?

అసలు మూలకారణం ఫిలింలోనే ఉంది. 35 ఎం.ఎం. ఫిలింకు అంచుల వెంట చిల్లులుంటాయి. బొమ్మకు ఎనిమిది చొప్పున లెక్క, పళ్ళచక్రం తప్పుదామన్నా తప్పలేదు. 1901లో కొడాక్ తెచ్చిన 120 ఫిలింకు చిల్లుల్లేవు. వెనక పొడుగునా కాగితం, దాని మీద అంకెలు. కెమెరా వీపున ఎర్రకిటికీ, అందులోంచి అంకె చూస్తూ తిప్పుకోవడమే. ఇది ప్రత్యక్ష ప్రమాణం. బరోడాలో తయారై మన ఇళ్ళకు వచ్చిన ఆగ్ఫా క్లిక్ త్రీ ఈ మతానిదే. 1937 నాటి రోలైఫ్లెక్స్ ఆటోమాట్ కిటికీ మూసేసి అనుమానానికి దిగింది. కాగితం మీద ఫిలిం మొదలంటించిన చోటి మందాన్ని రెండు రోలర్ల మధ్య తడిమి, అక్కణ్ణించి లెక్క మొదలుపెడుతుంది. కాగితాన్ని ఆ రోలర్ల మధ్య నుంచి పోనివ్వడం మరిచారో, ఆగడమన్నది లేకుండా రోలంతా చివరిదాకా చుట్టుకుపోతుంది.

ఇక స్పూలు. సూత్రంలో ఈ మాట లేదు గానీ ఈ వ్యాఖ్యాతకు ప్రీతి. 120 రోలు పూర్తయ్యేసరికి ఫిలిం పక్క స్పూలుకు చేరుతుంది, పాత స్పూలు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ స్పూలే స్థానం మారి వచ్చే రోలును చుట్టుకుంటుంది. ఈ జన్మలో ఇచ్చినవాడు మరుజన్మలో పుచ్చుకునేవాడు. కర్మసిద్ధాంతానికి ఇంత తేటైన దృష్టాంతం మరొకటి నేనెరగను. అయితే, ప్రతి రోలుకూ ముందు ఒక ఖాళీ స్పూలు కావాలి. అది అంతకుముందటి రోలుది. దానికి అంతకుముందటిది. తొలి ఖాళీ స్పూలు ఎక్కడిది? అనవస్థా దోషం కాదా? కాదు, బీజాంకుర న్యాయమంటారు కొందరు. కెమెరాతోపాటే కంపెనీవాడు ఒకటి పెట్టి పంపాడంటారు సృష్టివాదులు. వీరి పక్షమే బలంగా ఉంది. ప్రళయవాదులూ ఉన్నారు: ఫిలిం కడిగించడానికి ఇస్తే వచ్చిన స్పూలును ల్యాబువాళ్ళు చెత్తబుట్టలో వేస్తారు.

ఇందులోనే ఒక అవాంతర భేదం. 1930ల తొలినాళ్ళలో కొడాక్ 620 అని మరొకటి తెచ్చింది. ఫిలిం అదే, కాగితం అదే, స్పూలు మాత్రం సన్నం. నామరూపాలే వేరు, వస్తువొకటే అని అద్వైతి అంటాడు. 620 కెమెరా ఒప్పుకోదు. 1995లో 620 ఫిలిం ఆగిపోయాక జనం 120 స్పూలు అంచులు అరగదీసి అందులో దూర్చారు. అరిగీ అరగని అంచు గోడకు రాసుకుంటే చుట్టు బిగుస్తుంది. ఇదిగో, మూలానికి వచ్చేశాం.

"ఓపిక పట్టవలెను." దేనికి? పళ్ళచక్రాల మధ్య యాభై ఏళ్ళుగా గడ్డకట్టిన గ్రీజు మన ఓపికకు కరగదు, విప్పి కడగాలి. యాషికా మాట్ 124జిలో ఫిలింను అదిమే పలక రెట్టింపు పొడుగు ఫిలింకు పెట్టిన 220 గుర్తు మీద ఉండిపోతే పన్నెండో బొమ్మ దగ్గర ఆగాల్సిన లెక్క 24 దాకా పోతుంది. పలకను మార్చాలి గానీ ధ్యానం చేస్తే లాభం లేదు. రోలు వదులుగా ఎక్కించి కాగితం వంకరపోతే అంచు స్పూలు చెక్కకు ఒరుసుకుని నడిమి బొమ్మల దగ్గర బిగుస్తుంది. ఏడో బొమ్మ రహస్యం చాలాసార్లు ఇదే. ఎక్కించేటప్పుడు వేలితో కాస్త అదిమి పట్టుకుంటే పోయేది.

డ్రెస్డెన్ పెంటాకాన్ సిక్స్ వైపు చూస్తే సూత్రం అసంపూర్ణమని కూడా తేలుతుంది. దాని లీవరును చివరిదాకా లాగి, వేలు తీయకుండా వెనక్కి తేవాలి. టప్పున వదిలేస్తే బొమ్మల మధ్య ఎడం చెడుతుంది. బలవంతం గురించి చెప్పినవాడు వదలడం గురించి చెప్పలేదు.

"తక్కినది అనుభవమున తెలియును." ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. రోలుకు బొమ్మలు పన్నెండు. ఫిలిం కొని, కడిగించి, బొమ్మ మీద బొమ్మెక్కిన నెగటివు చూసి ఏడ్చాక వచ్చేదాన్ని అనుభవమంటున్నారు. నేర్పడం ఇష్టం లేనివాళ్ళకు ఇంతకన్నా గౌరవప్రదమైన సాకు దొరకదు. చెప్పగలిగినది చెప్పవచ్చు: గడువు తీరిన రోలు పెంటాకాన్ సిక్స్‌లో ఎక్కించి, లెన్సు ఊడదీసి, షట్టరు బి మీద తెరిచిపట్టి, చట్రం వెంట ఫిలిం మీద మార్కరుతో గీయండి. తిప్పండి, మళ్ళీ గీయండి. పన్నెండూ అయ్యాక విప్పి స్కేలు పెడితే 56 మిల్లీమీటర్ల గడుల మధ్య ఎక్కడ ఎడం ఉందో, ఎక్కడ లేదో కనిపిస్తుంది.

తాత్పర్యము: మూడు వాక్యాల్లో మొదటిది నిజం, రెండోది వృథా, మూడోది తప్పించుకోవడం.

విశేషము: శబ్దప్రమాణానికి చెప్పినవాడు ఆప్తుడై ఉండాలి. "లీవరు తిరుగుతోంది, కెమెరా బాగుంది" అని ఫిలిం వేయకుండానే చెప్పి అమ్మేవాడు ఆప్తుడు కాడు. అలాంటి పెద్దలకు మనవి: ఒక రోలు వేసి చూసి అమ్మండి. అది చేతకాకపోతే లోపల ఒక ఖాళీ స్పూలైనా పెట్టి అమ్మండి.