కన్ను పోయేంత కాటుక

పాలమూరుకు కరువు కొత్త కాదు. వాన కరువు చూసింది, గడ్డి కరువు చూసింది, పని కరువై బొంబాయి బస్సెక్కింది. ఇప్పుడింకో కరువు దిగింది. కనురెప్పల వెంట్రుకల కరువు. ఇన్నాళ్లూ దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. కలెక్టర్లు నివేదిక పంపలేదు, శాసనసభలో ఒక్క సభ్యుడూ లేచి అడగలేదు. పాపం, ఫోనులో రీల్స్ పెట్టేవాళ్లే కనిపెట్టారు. నల్లమల అంచున ఉన్న బల్మూర్‌లో సైతం పొద్దున లేచి అద్దం ముందు నిలబడితే ముక్కు ఉన్నచోటే ఉంది, మూతి ఉన్నచోటే ఉంది, రెప్పల మీద వెంట్రుకలే చాలడం లేదు. కనుబొమలైతే తోక దగ్గర మరీ పలచన. అదృష్టం కొద్దీ రోగం కనిపెట్టినవాడి జేబులోనే మందూ ఉంది. చిటికెన వేలంత సీసా, దానికో బుల్లి కుంచె, పైన బంగారు రంగు మూత. పేరు సీరం.

3 మిల్లీలీటర్లు 499 రూపాయలు అనుకుందాం. అంతకు తక్కువకు దొరికేవీ ఉన్నాయి, నాలుగింతలు గుంజేవీ ఉన్నాయి. లీటరు లెక్క కడితే లక్షా 66 వేల పైచిలుకు. ఆ డబ్బుతో అచ్చంపేట సంతలో పాడిబర్రెను కొనుక్కోవచ్చు, మేతకు కూడా కొంత మిగులుతుంది.

పార్సిల్ విప్పగానే ఇంట్లో నడిచే మాటలు ఏ ఊళ్లోనైనా ఇంచుమించు ఇవే.

"ఏంది బిడ్డా గది?"

"సీరం అవ్వా. రాత్రి పండుకునే ముందు రెప్పలకు రాసుకోవాలె."

"రాసుకుంటే ఏమైతది?"

"ఎంటికలు పొడుగ్గ, ఒత్తుగ మొలుస్తయంట."

"గంత మంచి మందైతే మీ తాత నెత్తికి రుద్దరాదూ? ఆడ జాగ బొచ్చెడుంది."

నవ్వేసి ఊరుకోకండి. ఔషధ నియంత్రణ శాఖ వాళ్లు అడగాల్సిన ప్రశ్న అవ్వ అడిగింది. తల మీద మొలిపించలేనివాడు రెప్ప మీద మొలిపిస్తానంటే అది అబద్ధమైనా అయి ఉండాలి, రెప్ప దగ్గరే పనిచేసే గట్టి మందైనా అయి ఉండాలి. అబద్ధమైతే డబ్బు దండగ. మందైతే డాక్టరు చీటీ కావాలి. అమ్మేవాడికి రెండూ గిట్టవు. పని మందులా చెయ్యాలి, పూచీ మాత్రం పౌడరు డబ్బాకు ఉన్నంతే ఉండాలి. ఈ బేరమంతా ఆ సందులోనే నడుస్తోంది.

ముందు పనిచేయనివాటి సంగతి. వీటిలో చాలావాటి అట్ట మీద మొదట కనపడే పేరు ఆముదం. చదివిన బల్మూర్ రైతుకు తల తిరగాలి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఎర్రచెల్కల్లో ఏ నీటి వసతీ లేకుండా పండిన పంట అది. బల్మూర్ ఉన్న నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, పాలెం పరిశోధన స్థానంలో శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కూర్చుని ఆముదం వంగడాలు తీశారు, పీసీహెచ్-111 అక్కడిదే. వాళ్లకు పాపం ఎకరాకు ఎన్ని క్వింటాళ్లన్నదే ధ్యాస, రెప్పకు ఎన్ని వెంట్రుకలన్నది తట్టలేదు. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైన తేలిన నూనెను గరిటెతో తీసిన ఆడవాళ్లకూ తట్టలేదు. ప్రపంచంలో అమ్ముడయ్యే ఆముదంలో సింహభాగం మన దేశానిదే, అందులోనూ గుజరాత్‌ది పెద్ద వాటా. ఇక్కడ డబ్బాల్లో బయల్దేరిన నూనె సముద్రం దాటి, డ్రాపరు తగిలించుకుని, పేరు మార్చుకుని తిరిగొచ్చి మనకే చుక్కల లెక్కన ధర చెబుతోంది.

ఆముదం రాస్తే రెప్పల వెంట్రుకలు మొలుస్తాయని నిరూపించిన గట్టి పరీక్ష ఒక్కటీ లేదు. చిక్కటి నూనె కాబట్టి వెంట్రుకకు పట్టుకుంటుంది, నల్లగా నిగనిగలాడుతుంది, ఒత్తుగా ఉన్నట్టు అగుపిస్తుంది. మొహం కడిగితే ఆ ఒత్తుదనం నీళ్లతో పాటే పోతుంది. మనవాళ్లూ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, అంటిన మసి గీకి, చుక్క నెయ్యితో రంగరించి పసిపిల్లలకు కాటుక పెట్టారు. ఆ మసి కంటికి మంచిది కాదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, అది వేరే సంగతి. కానీ ఏ తల్లీ 60 రోజుల్లో ఫలితం అని రాసివ్వలేదు. దిష్టి తగలొద్దనుకుంది, అంతే.

60 రోజుల గుట్టు కూడా చెప్పుకుందాం. తల వెంట్రుక ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటుంది. రెప్ప వెంట్రుక పెరిగేది కొన్ని వారాలే, ఆ తర్వాత ఆగిపోతుంది, కొన్నాళ్లకు రాలుతుంది, ఆ చోటే ఇంకొకటి వస్తుంది. కనుబొమదీ అదే వరస. బ్యూటీ పార్లర్‌లో దారంతో తీయించుకున్న కనుబొమలు నెల తిరక్కుండా మొలకెత్తి మళ్లీ పార్లర్‌కు తోలుతాయి గదా, వాటికి ఎవరు సీరం పూశారు? ఊడిన రెప్ప వెంట్రుక దానంతటదే తిరిగి రావడానికి సుమారు రెండు నెలలు. కంపెనీవాడు క్రమం తప్పకుండా వాడమనేదీ సుమారు రెండు నెలలే. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కూడా ఇంత కచ్చితంగా ముహూర్తం పెట్టలేదు.

ఇక నిజంగా పనిచేసేవి. అసలు భయపడాల్సింది వీటికే.

నీటికాసుల జబ్బుకు కంట్లో వేసే చుక్కల మందులు కొన్ని ఉన్నాయి. కంటిలోపలి ఒత్తిడి తగ్గించి చూపు నిలబెట్టడం వాటి పని. ఒక కంటికే చుక్కలు వేసుకుంటున్న ముసలివాళ్లకు ఆ ఒక్క కంటి రెప్పల వెంట్రుకలే పొడుగ్గా, నల్లగా పెరుగుతున్నాయని 1997లో ఒక అమెరికన్ డాక్టరు రాశాడు. రెండో కన్ను ఎప్పటిలాగే ఉంది. ఇదే జాతి మందు బిమాటోప్రోస్ట్‌కు 2001లో నీటికాసుల కోసం అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 2008 డిసెంబరులో అదే మందు, అదే 0.03 శాతం గాఢతలో, రెప్పల కోసం లాటిస్ అన్న పేరుతో రెండో అనుమతి తెచ్చుకుంది. సినిమాతార బ్రూక్ షీల్డ్స్ ప్రకటనలో రెప్పలు ఆడించింది. నీటికాసుల తాతకు వయసు మళ్లాక ఊరికే వచ్చిన అందం, బజారులో నెలకు వంద డాలర్ల పైన పలికింది.

పనిచేస్తుందా? చేస్తుంది. 278 మందితో 16 వారాలు పరీక్షించారు. మందు రాసుకున్నవాళ్లలో 78 శాతం మందికి కంటికి ఆనేంత మార్పు వచ్చింది. ఉత్త ద్రవం రాసుకున్నవాళ్లలోనూ 18 శాతం మందికి మార్పు వచ్చినట్టే లెక్కతేలింది. ఆ 18 దగ్గర కాస్త ఆగండి. సీసాలో ఏమీ లేకుండా అమ్మినా వందకు 18 మంది 'నాకు పనిచేసిందక్కా' అని మనస్ఫూర్తిగా చెబుతారన్నమాట. ప్రచారానికి అంతమంది చాలు, మిగతా 82 మంది వీడియో తీసి పెట్టరు.

మందు మానేస్తే కొన్ని వారాల నుంచి నెలల్లో రెప్పలు పాత స్థితికి వస్తాయి. అంటే పెళ్లి ఫొటోల కోసం మొదలుపెట్టినావిడ మనవడి బారసాల దాకా రాస్తూనే ఉండాలి. అక్కడితో అయిపోతే అప్పు చేసైనా రాసుకుందురు. కన్ను ఎర్రబడొచ్చు, దురద పెట్టొచ్చు, రెప్ప చర్మం నల్లబడొచ్చు, మందు ఒలికిన చోటల్లా నూగు మొలవొచ్చు. కొందరికి కంటి చుట్టూ ఉన్న కొవ్వు కరిగి కళ్లు లోపలికి పీక్కుపోతాయి. కంటిపాప చుట్టూ ఉండే లేతరంగు వలయం గోధుమ రంగుకు తిరిగితే మళ్లీ వెనక్కి రావడమంటూ ఉండదు. పై రెప్ప మొదట్లో మాత్రమే, ఒకసారి వాడి పారేసే కుంచెతో రాయాలన్నది నియమం. హాస్టల్ గదిలో నలుగురు ఆడపిల్లలు ఒకే కుంచె పంచుకుంటే పంచుకునేది అందమొక్కటే కాదు. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడక్కుండా దాన్ని ముట్టుకోకూడదు. 'కన్ను పోయేంత కాటుకా?' అని పెద్దలు ఊరికే అనలేదు.

సరే, మందని చెప్పి, చీటీ మీద అమ్మితే గొడవ లేదు. చెప్పకుండా కలిపేవాళ్ల సంగతేంటి? 2007 నవంబరులో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో అమెరికా సర్కారు మార్షల్స్ ఒక సౌందర్య సామగ్రి కంపెనీ నుంచి 12,682 ట్యూబులు పట్టుకున్నారు. విలువ సుమారు 20 లక్షల డాలర్లు. పైన కాస్మెటిక్, లోపల బిమాటోప్రోస్ట్. 2011లో ర్యాపిడ్‌లాష్ అన్న సీరం తయారీదారుకు ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖ వెళ్లింది, అందులో ఉన్నది ఐసోప్రొపైల్ క్లోప్రోస్టినేట్, ఆ మందుకు దగ్గరి చుట్టం. రోడాన్ ప్లస్ ఫీల్డ్స్ అన్న కంపెనీ తన రెప్పల సీరం మీద వినియోగదారులు వేసిన దావాను 2022లో 3 కోట్ల 80 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. అదే ఏడు యూరోపియన్ యూనియన్ శాస్త్రీయ కమిటీ ఈ జాతి రసాయనాలను పరిశీలించి, సౌందర్య సామగ్రిలో ఇవి క్షేమకరమని చెప్పలేమంది. అమెరికాలో పట్టుకునేవాడున్నాడు, యూరప్‌లో ప్రశ్నించేవాడున్నాడు. ఇక్కడ పార్సిల్ తెచ్చినవాడు ఓటీపీ అడుగుతాడు, అంతకు మించి ఎవరూ ఏమీ అడగరు.

చట్టం లేదా అంటే ఉంది, చక్కగా ఉంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద షెడ్యూల్ జె అని ఒక జాబితా. ఏ మందూ నయం చేస్తానని చెప్పుకోకూడని వాటి పట్టిక. క్యాన్సర్, బట్టతలతో పాటు కొత్త వెంట్రుకలు మొలిపించడం కూడా అందులో ఉంది. అంటే మందు తయారుచేసినవాడు వెంట్రుకలు మొలుస్తాయంటే తప్పు. మరి కాస్మెటిక్? చట్టం ప్రకారం దాని పని శుభ్రం చేయడం, అందం ఇవ్వడం, రూపు మార్చడం. కాబట్టి తెలివైనవాడు మొలుస్తాయని అనడు. 'ఒత్తుగా కనిపించే రెప్పలు' అంటాడు. కనిపించే అన్న ఒక్క ముక్కతో చట్టం దాటిపోయాడు, మొలుస్తాయన్న మాట కొన్న పిల్ల మనసులో పడిపోయింది.

అట్ట వెనక పదార్థాల జాబితా ఉంటుందా అంటే, కొందరు వేశారు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన సర్కారు కంటి వెలుగు పథకం ఊరూరా తిరిగి అద్దాలు పంచింది గానీ, ఆ అద్దాలు పెట్టుకున్నా ఈ అక్షరాలు ఆనవు. అయినా భూతద్దం పెట్టి వెతకండి. పేరులో ఎక్కడైనా 'ప్రోస్ట్' అన్న ముక్క తగిలితే సీసాను సూటిగా కంటి డాక్టరు బల్ల మీద పెట్టండి. తగలకపోతే, బహుశా, మీ డబ్బులు మాత్రమే పోయాయి.

నవ్వు కాసేపు పక్కన పెడతాను. కనుబొమలు ఉన్నట్టుండి రాలిపోయేవాళ్లు నిజంగా ఉన్నారు. పేనుకొరుకుడు వల్ల, క్యాన్సర్ చికిత్స వల్ల, థైరాయిడ్ లోపం వల్ల రాలతాయి. థైరాయిడ్‌లో కనుబొమ బయటి కొస ముందు పలచబడుతుంది. కుష్ఠు కూడా కొందరిలో కనుబొమలు పోవడంతో బయటపడుతుంది. దానికి బహుళ ఔషధ చికిత్స సర్కారు దవాఖానలో ఉచితం, వేళకు మొదలుపెడితే అంగవైకల్యం తప్పుతుంది. అలాంటి మనిషి చేతిలో సీరం పెట్టి 'ఇంకో రెండు నెలలు ఆగి చూడు' అన్నవాడిని ఏమనాలో మర్యాదస్తుల పత్రికలో అచ్చు వేయరు.

ఇంతకీ రెప్పలు ఎందుకున్నాయి? జార్జియా టెక్ పరిశోధకులు 22 రకాల పాలిచ్చే జంతువుల కళ్లు కొలిచి 2015లో ఒక సంగతి చెప్పారు. రెప్ప వెంట్రుక పొడవు కంటి వెడల్పులో మూడోవంతు ఉంటే గాలి, దుమ్ము కంటిని తక్కువ తాకుతాయి. అంతకు మించి పెరిగితే వెంట్రుకలే గాలిని పోగుచేసి కంట్లోకి తోలతాయి. ఎండాకాలం లారీ వెనక బైకు మీద బల్మూర్ నుంచి అచ్చంపేట వెళ్లేవాళ్లు ఇది ప్రత్యేకంగా గమనించాలి. దుమ్ముకు ఆహ్వానపత్రిక అచ్చు వేయించడానికి సీసాకు 499 రూపాయలు.

ఇవన్నీ విన్నాక కూడా 'కాదు, మాది వేరే, మాది సహజం, మాది పనిచేస్తుంది' అని ప్రమాణం చేసే కంపెనీ ఉంటుంది. మంచిదే. ఆ నీటికాసుల ముసలివాళ్ల కళ్లలో తనంతట తాను జరిగిపోయిన పరీక్షనే తన ప్రచార సుందరితో చేయించమనండి. ఒక కంటికే సీరం, రెండో కంటికి ఏమీ వద్దు. 16 వారాలయ్యాక అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో, మస్కారా లేకుండా, రెండు కళ్లూ ఒకే ఫొటోలో పెట్టమనండి. దాని కిందే సీసాలో ఏమేం పోశారో, తయారీ లైసెన్సు నంబరు ఎంతో, అవ్వ అద్దాల్లేకుండా చదివేంత పెద్ద అక్షరాల్లో వేయించమనండి.