టీవీ వెనక టేకు

వైట్‌ఫీల్డ్‌లో గృహప్రవేశానికి వెళ్తే ముందు టీవీ గోడ చూపిస్తారు, తర్వాతే దేవుడి గది. వ్రతం ఎలాగూ పన్నెండు దాకా తెమలదు కాబట్టి వచ్చినవాళ్లంతా కాఫీ గ్లాసులు పట్టుకుని ఆ గోడ ముందు వరసకట్టి దర్శనం చేసుకుంటారు. నేల నుంచి సీలింగ్ దాకా నిలువుగా చెక్క పలకలు, సందుల్లో పసుప్పచ్చ ఎల్‌ఈడీ దీపాలు. "ఏం చెక్కండీ ఇది?" అని ఎవరో ఒకరు అడగాలి. "వాల్‌నట్ ఫినిష్" అని ఇంటాయన చెప్పాలి. వాల్‌నట్ గట్టిగా, ఫినిష్ మెల్లిగా పలకడం ఇక్కడి మర్యాద.

ఆ మెల్లిగా పలికినదాంట్లోనే అసలు సంగతంతా ఉంది. ఫినిష్ అంటే లామినేట్, లామినేట్ అంటే కాగితం. క్రాఫ్ట్ కాగితాలు పొరలుగా పేర్చి, పైన చెక్క చారలు అచ్చేసిన కాగితం పరిచి, రెజిన్‌తో వేడిమీద నొక్కితే మిల్లీమీటరు మందాన షీటు తయారవుతుంది. ప్లైవుడ్ మీద అంటిస్తే వాల్‌నట్ సిద్ధం. ఒకప్పుడు హాల్లో తాతగారి ఫొటో ఉండే చోట ఇప్పుడు చెట్టు ఫొటో ఉంటోందన్నమాట. దండ ఒక్కటే తక్కువ. ఒక మెట్టు దిగితే డబ్ల్యూపీసీ: చెక్క పొట్టూ ప్లాస్టిక్కూ కలిపి తీసిన గాడుల పలకలు. ఒక మెట్టెక్కితే వెనీర్: నిజం చెట్టే, కానీ కాగితమంత పల్చన.

మేమూ లామినేటే వేయించాం. మా గోడ మీద మూడో పలకలో కంటిగుడ్డంత నల్లటి ముడి ఉంది. ఏడో పలకలోనూ అదే ముడి, అదే ఎత్తులో, అదే వంకరతో. పైన ఐదో అంతస్తు డాక్టరుగారింటికి వెళ్తే అక్కడా అదే. పాత సినిమాల్లో తిరనాళ్లలో తప్పిపోయిన కవలల పుట్టుమచ్చ లాగా ఆ ముడి మా టవరంతా ఒకరినొకరు గుర్తుపట్టేలా చేసింది.

చలిదేశాల వాళ్లు గోడకు చెక్క కొట్టారంటే అర్థముంది: రాతిగోడల చలీ చెమ్మా లోపలికి రాకుండా. అంచుల్లో మెట్టు చెక్కి ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టే షిప్‌ల్యాప్ పలకలైతే వాన నీరు దిగకుండా ఇంటి బయటి గోడలకూ కొట్టాల గోడలకూ కొట్టేవారు. 2013లో అమెరికా టీవీలో 'ఫిక్సర్ అప్పర్' అనే ఇళ్ల మరమ్మతు షో మొదలయ్యాక, ఆ పలకలకు హాల్లో పెద్దపీట పడింది. డాలస్‌లో మా బావమరిది కొన్న పాత ఇంట్లో మాత్రం గోడలకు డెబ్భైల నాటి చెక్క ఉంటే, చీకటిగా ఉందని డబ్బిచ్చి తెల్లరంగు వేయించుకున్నాడు. వాడు మూయించిన చెక్కే మేం తెరిపిస్తున్నాం.

ఈ ఊరికి చెక్క కొత్తేం కాదు. 1882లో మైసూరు మహారాజు పదో చామరాజ ఒడెయరు ఆంగ్లో ఇండియన్ల సంఘానికి ఇక్కడ భూమి ఇచ్చాడు. ఆ సంఘం పెద్ద వైట్ దొర పేరే ఊరికి మిగిలింది. ఆ రోజుల్లో బెంగళూరు బంగళాల కిటికీల మీద మొనదేలిన చెక్క గొడుగులుండేవి, మంకీ టాప్స్ అనేవారు. ఎండా వానా కిటికీ మీద పడకుండా చూడటం వాటి డ్యూటీ. మా వాల్‌నట్‌కు ఏ డ్యూటీ లేదు. వీడియో కాల్‌లో మా వెనక నిలబడుతుంది, అంతే.

నిలబెట్టడం మాత్రం తేలిక కాదు. మా కార్పెంటర్ రాజస్థాన్ మనిషి. హిందీలో కొలిచి, కన్నడంలో బేరమాడి, తెలుగులో వాయిదా వేసేవాడు. మా టవర్ గోడలు ఇటుకవి కావు, అల్యూమినియం అచ్చుల్లో పోసిన మైవాన్ కాంక్రీటు. డ్రిల్లు పెడితే గోడకంటే ముందు బిట్టు అరుగుతుంది. ఆదివారం డ్రిల్లింగ్ కూడదని అసోసియేషన్ రూలు. మిగతా రోజుల్లో పై ఫ్లాటాయన మీటింగుల్లో ఉంటాడు. ఆయన మ్యూట్‌లోకి వెళ్లి వాట్సాప్‌లో బొటనవేలు చూపిస్తే, మావాడు ఒక రీపరు బిగించేవాడు. గోడ అవతల బాత్రూమ్ ఉంది కాబట్టి మామూలు ఐఎస్ 303 ప్లైవుడ్ చాలదు, ఐఎస్ 710 మెరైన్ వెయ్యాలన్నాడు. సముద్రానికి మూడువేల అడుగుల ఎత్తున, హాల్లో పడవ చెక్కా? వానాకాలంలో ఇక్కడి రోడ్ల మీద ఆఫీసుకెళ్లినవాళ్లు దాన్ని అతి అనరు.

మా పనమ్మాయిది చింతామణి దగ్గర పల్లె. గోడను కింద నుంచి పై దాకా చూసి, గాడుల్లో వేలుపెట్టి దుమ్ము తీసి, మా ఆవిడతో "అక్కా, ఈ సందులన్నీ తుడవాలంటే ఇది ఇంకో ఇల్లు లెక్క" అంది. ఆ నెల నుంచి జీతం కూడా ఆ లెక్కే.

అప్పుడు కోనసీమ నుంచి మా మావయ్యగారు వచ్చారు. వాళ్లది ఒకప్పుడు మండువా లోగిలి. అక్కడ చెక్కంటే దూలాలు, వాసాలు, స్తంభాలు, గుమ్మాలు. ఆ చెక్క తీస్తే ఇల్లు కూలుతుంది; మా చెక్క తీస్తే వైర్లు కనిపిస్తాయి. ఆయన వేలి కణుపుతో గోడమీద కొట్టి, చెవి ఆనించి, "డొల్ల మోగుతోంది అల్లుడుగారూ" అని మాత్రం అన్నారు.

సాయంత్రం ఆయన్ని ఎదురు ఫ్లాటు వాళ్లు పిలిచారు. వాళ్ల గోడకు నిజం టేకే. పాత ఇళ్లు విప్పిన పలకలు, గునపం దెబ్బలతో సహా పాలిష్ పెట్టి బిగించారు. మావయ్యగారు కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూశారు.

"మేకు కంతలున్నాయే బాబూ?"

"అదే దీని అందం అంకుల్. కంతలున్న పలకకు రేటెక్కువ."

ఆయన సోఫాలో కూర్చుండిపోయారు. తమ లోగిలి విప్పించినప్పుడు, పాత కలప వ్యాపారి ఒక్కొక్క కంతా లెక్కపెట్టి, కంతకింత అని తరుగు తీశాడట. అన్నదమ్ములు ఆ తరుగు దగ్గరే మాటామాటా అనుకున్నారట.

ఇంటికి రాగానే ఊరికి ఫోను చేసి, పశువుల పాక అటక మీది పలకలు ఎవరికీ ఇవ్వొద్దని పాలేరుకు చెప్పారు. తర్వాత నావైపు తిరిగి గొంతు తగ్గించారు.

"అల్లుడుగారూ, ఎదురింటాయన్ని ఒకసారి కనుక్కోండి. కంతలు చాలవంటే, మేకులు కొట్టించి పీకించి పంపుతాను."