వారంటీకి కూడా ఒక వారంటీ కోరుతూ: ప్రాధికార సంస్థ వారికి బహిరంగ లేఖ

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ముఖ్య కమిషనర్ గారి సముఖమునకు,
న్యూఢిల్లీ.

తక్కువ ధరల్లో దొరికే ఎలక్ట్రానిక్ వస్తువులనూ, వాటికి తోడుగా ఛార్జర్లు, కేబుళ్లు, పవర్ బ్యాంకులనూ, వీటన్నింటిపైన పొడిగించిన వారంటీలనూ కొంటున్న తెలుగు రాష్ట్రాల వినియోగదారుల పక్షాన సవినయంగా విన్నవించేది ఏమనగా: 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20న అమల్లోకి వచ్చింది, ఆ వారంలోనే, జూలై 24న, తమ సంస్థ ఏర్పడింది, అప్పటి నుంచి కాగితం మీద వినియోగదారుడి హక్కులు పెరిగాయనడంలో ఎవరికీ పేచీ లేదు. అలా పెరిగిన హక్కులు దుకాణం గుమ్మం దాటి, షోకేసు దాటి, బిల్లు కొట్టే కౌంటరు దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ఆగిపోతున్నాయన్నదే ఈ లేఖకు విషయం.

వస్తువు నాణ్యత ఎంతో అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియని స్థితిని అర్థశాస్త్రంలో సమాచార అసమానత అంటారు. జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, ఈ అసమానత ముదిరితే నాసి సరుకు మంచి సరుకును సంత నుంచి వెళ్లగొడుతుందని చూపి, దానికి విరుగుడుగా పనిచేసే ఏర్పాట్లలో గ్యారంటీని ఒకటిగా పేర్కొన్నారు. తన సరుకు మీద నమ్మకం ఉన్న తయారీదారు నష్టభయాన్ని తన నెత్తిన వేసుకుంటాడు, నమ్మకం లేనివాడు వెనకాడతాడు, ఆ తేడాను చూసి కొనేవాడు మంచిచెడ్డలు పోల్చుకుంటాడు అన్నది అందులోని తర్కం. ఈ కృషికి ఆయన 2001లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు గానీ, గ్యారంటీనే విడి సరుకుగా మార్చి కొనేవాడి చేతే దానికి డబ్బు కట్టించవచ్చునన్న మన షోరూముల ఆవిష్కరణకు మాత్రం ఇంతవరకు ఏ బహుమతీ రాలేదు. టీవీ చూపించేటప్పుడు 'పదేళ్ల దాకా ఢోకా లేదు సార్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి' అన్న అదే సేల్స్ కుర్రవాడు, బేరం కుదిరి కార్డు గీకే సమయానికి గొంతు తగ్గించి 'మదర్‌బోర్డు పోతే టీవీ రేటులో సగం అవుద్ది సార్, ఈ రెండేళ్ల ప్లాన్ వేసుకోండి' అంటాడు. ఈ రెండు మాటలూ ఏకకాలంలో నిజం కావడం కష్టం. ఆ కుర్రవాడిని తప్పుపట్టడం ఈ లేఖ ఉద్దేశం కాదు. నెలకు ఇన్ని ప్లాన్లు అమ్మాలన్న టార్గెట్ అతని మెడకు కట్టినవారు వేరే ఉన్నారు.

అయితే షోరూము దాకా వెళ్లకుండానే ముగిసే కొనుగోళ్లు ఎక్కువ. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనైనా, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనైనా ఛార్జరు అడిగినవాడికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న 'ఒరిజినలా, ఫస్ట్ కాపీయా' అన్నది. ఆ తర్వాతది బిల్లు కావాలా వద్దా అన్నది, ఎందుకంటే బిల్లుతో ఒక రేటు, బిల్లు లేకుండా ఒక రేటు. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా 2019 చట్టం చేర్చింది గనుక, ఆ రెండో రేటు అసలు ఉండనే కూడదు. ఇక వారంటీ సంగతికి వస్తే, ఇక్కడ చలామణిలో ఉన్నది టెస్టింగ్ వారంటీ, అంటే కొన్నవాడి కళ్లెదుట ప్లగ్గులో పెట్టి లైటు వెలిగిందని చూపించడంతో మొదలై, అతను మెట్లు దిగడంతో ముగిసిపోయే హామీ. నిజం చెప్పాలంటే ఈ లేఖలో ప్రస్తావించిన వారంటీలన్నింటిలోనూ ఇదొక్కటే నిజాయితీ గలది. ఇచ్చిన మాట ఎంతసేపు ఉంటుందో ఇందులో ముందే తెలిసిపోతుంది.

ప్రభుత్వం ఈ రంగాన్ని గాలికి వదిలేసిందని అనడం న్యాయం కాదు. 2012లో మొదలైన నిర్బంధ నమోదు విధానం ప్రకారం ఛార్జర్లు, బ్యాటరీలు, పవర్ బ్యాంకుల వంటివి భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదై, ఆంగ్ల అక్షరం 'ఆర్'తో మొదలై 8 అంకెలు ఉండే సంఖ్యను ధరించాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ అనే యాప్‌లో కొట్టి చూస్తే దాన్ని పొందిన సంస్థ ఏదో, అది ఏ వస్తువుకు వర్తిస్తుందో బయటపడుతుంది. ఏర్పాటు మంచిదే. కాకపోతే నల్లటి ఛార్జరు మీద బూడిదరంగులో, బియ్యపు గింజ మీద రాసినంత సన్నగా అచ్చువేసిన ఆ అంకెలను చదవాలంటే ఫోను కెమెరాతో పెద్దది చేసి చూడాలి, ఆ సమయానికి ఫోనులో ఛార్జింగ్ ఉండాలి.

అంకెలతోనే నడిచే మరో మాయ పవర్ బ్యాంకుది. డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. ఎంఏహెచ్ అంటే మిల్లీ ఆంపియర్ అవర్, అంటే ఎంత కరెంటు ఎంతసేపు ఇవ్వగలదో చెప్పే కొలత. అయితే ఎంత ఓల్టేజీ వద్ద అన్నది చెప్పకపోతే దానితో శక్తి లెక్క తేలదు. లోపలి లిథియం సెల్ సుమారు 3.7 వోల్టుల దగ్గర పనిచేస్తుంది గనుక అందులో నిల్వ ఉండే శక్తి 37 వాట్ అవర్లు. బయటికి వచ్చేది 5 వోల్టులు గనుక అదే శక్తి అక్కడ 7,400 ఎంఏహెచ్‌కు మించదు. ఓల్టేజీ పెంచే సర్క్యూటులో వేడిగా పోయేదాన్ని కూడా తీసేస్తే చేతికి అందేది 6,000 పైచిలుకు. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోనును రెండుసార్లు నింపుకోవచ్చని లెక్కవేసుకున్నవాడికి ఒకటిన్నర సార్లు నిండితే గొప్ప. పేరున్న కంపెనీలు కొన్ని ఈ రెండో అంకెను రేటెడ్ కెపాసిటీ అన్న పేరుతో డబ్బా వెనక చిన్న అక్షరాల్లో వేస్తాయి, కాబట్టి వాటిని అబద్ధమాడాయని అనలేం. నిజాన్ని డబ్బాకు ఏ వైపున అచ్చువేయాలన్నది మాత్రం అవి బాగా ఆలోచించుకున్నాయి. 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టరుతో, అంటే 10 వాట్లతో, నడిచే స్పీకరు మీద వేల వాట్ల పీఎంపీఓ, అంటే క్షణకాలపు గరిష్ఠ శక్తి పేరుతో వేసే అంకె, కనిపించడం, 16 జీబీ చిప్పున్న పెన్‌డ్రైవు లోపలి ప్రోగ్రాము మార్చేయడం వల్ల కంప్యూటరుకు 1 టీబీగా కనిపించి, పెళ్లి వీడియోలు ఎక్కించాక సగానికి పైగా ఫైళ్లు తెరుచుకోకపోవడం కూడా ఈ కోవలోవే.

మళ్లీ పొడిగించిన వారంటీ దగ్గరకు వస్తే, దాని అసలు గుట్టు కాలంలో ఉంది. యంత్రాల వైఫల్యాన్ని అధ్యయనం చేసే శాస్త్రంలో స్నానపు తొట్టి వక్రరేఖ అనే గీత ఒకటుంది: తయారీ లోపాలున్న వస్తువులు మొదటి నెలల్లోనే బయటపడతాయి గనుక గీత ఎత్తులో మొదలై కిందికి దిగుతుంది, ఆ తర్వాత చాలాకాలం అడుగున చదునుగా సాగుతుంది, చివర్లో భాగాలు అరిగిపోవడం మొదలయ్యాక మళ్లీ పైకి లేస్తుంది. మొదటి ఎత్తును కంపెనీ ఇచ్చే ఏడాది వారంటీయే చూసుకుంటుంది. చివరి ఎత్తు, అంటే అరుగుదల, షరతుల పత్రంలో సాధారణ వాడకం వల్ల కలిగే క్షీణతగా మినహాయింపు పొందుతుంది. ఈ రెంటికీ మధ్యనున్న చదునైన భాగానికి, ప్రమాదం తక్కువగా ఉండే ఆ కాలానికి, వినియోగదారుడు ఈ రోజే డబ్బు కడుతున్నాడు. పదివేల ఫోనుకు వెయ్యి రూపాయల ప్లాను అంటే ధరలో పదోవంతు, దాని మీద 18 శాతం జీఎస్టీ. సేవ మాత్రం ఏడాది తర్వాత గానీ మొదలు కాదు. ఆ ఏడాదిపాటు సొమ్ము కంపెనీ దగ్గర వడ్డీ లేకుండా ఉంటుంది, ఏడాది తర్వాత ఆ కంపెనీ ఉంటుందో లేదో అన్న బెంగ మాత్రం కొన్నవాడి దగ్గర ఉంటుంది. ఫోను వాయిదాల మీద కొన్నవారికి ఈ వెయ్యి కూడా నెలసరి కిస్తీలో కలిసిపోయి కనిపించనే కనిపించదు.

ఇక మినహాయింపుల పట్టిక. ఇయర్‌బడ్స్‌లో మొదట చచ్చిపోయేది గోలీ అంత బ్యాటరీ, బ్యాటరీకి వారంటీ వర్తించదు. టీవీతో పాటు పాడయ్యేది రిమోటు, దానికీ వర్తించదు. మన పల్లెల్లో బోర్డులు మాడిపోవడానికి తరచూ కారణమయ్యేది ఓల్టేజీ హెచ్చుతగ్గులు. వాటికి వర్తించకపోగా, స్టెబిలైజర్ కొనలేదేమని ఎదురు ప్రశ్న. ఫ్రిజ్ తలుపు మీద బంగారు రంగు స్టిక్కరుగా మెరిసే పదేళ్ల వారంటీ కంప్రెసరుకు మాత్రమే. దాన్ని మార్చాక నింపే గ్యాసుకు, వచ్చిన మెకానిక్ కూలికి, రవాణాకు చెల్లించుకోవలసింది ఇంటాయనే. పాతది ఇచ్చి కొత్తది కొనబోయినా, అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఎక్స్చేంజ్ కౌంటరు దగ్గర ఇంకా సజీవంగానే ఉంది.

ఇన్ని దాటి నిజంగా వర్తించే లోపమే వచ్చిందనుకున్నా, సర్వీస్ సెంటర్‌లో టోకెన్ తీసుకుని కూర్చున్నవాడిని ముందుగా అడిగేది ఒరిజినల్ బిల్లు. దుకాణాల్లో ఎక్కువగా ఇచ్చే బిల్లు థర్మల్ కాగితం మీదిది. అందులో సిరా ఉండదు, వేడి తగిలిన చోట కాగితం మీది రసాయన పూత నల్లబడి అక్షరంగా కనిపిస్తుంది, కాబట్టి ఎండకో, వంటింటి వేడికో, ప్లాస్టిక్ కవరు తాకిడికో కొన్ని నెలల్లోనే వెలిసిపోతుంది. మూడేళ్ల రక్షణ పథకానికి ఆధారం, ఏడాది తిరిగేసరికి తెల్లకాగితం. బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా దాచిన బిల్లు మీద దుకాణం లోగో తప్ప ఏమీ మిగలని ఇళ్లు ఎన్నో. అదృష్టవశాత్తు బిల్లు ఫొటో ఉన్నవాడికి రెండో పరీక్ష, ఫోను లోపల అతికించి ఉండే తెల్లటి చుక్క; తడి తగిలితే అది ఎర్రబడుతుంది, అది ఎర్రగా ఉంటే జాబ్ షీటు మీద లిక్విడ్ డ్యామేజ్ అన్న రెండు మాటలు పడతాయి, ఆ తర్వాత వాదన ఉండదు.

ప్రాధికార సంస్థ వారికి ఇక్కడ ధన్యవాదాలు చెప్పవలసిన పని ఒకటుంది. 2023 నవంబరు 30న వారు డార్క్ ప్యాటర్న్‌ల నివారణకు మార్గదర్శకాలు ప్రకటించారు. డార్క్ ప్యాటర్న్ అంటే వెబ్‌సైటులోనో యాప్‌లోనో కొనేవాడిని ఏమార్చి, తాను కోరని దానికి ఒప్పించేలా తెరను అమర్చడం; అలాంటివి 13 రకాలు వారు గుర్తించారు. అడగని వస్తువును చాటుగా బుట్టలో చేర్చడం వాటిలో ఒకటి. వద్దన్నవాడిని సిగ్గుపడేలా చేయడం మరొకటి. విమానం టికెట్టుతో బీమా వద్దనుకున్న ప్రయాణికుడి చేత 'రక్షణ లేకుండానే ఉంటాను' అన్న అర్థం వచ్చే మాట ఎంపిక చేయించడాన్ని మార్గదర్శకాలే ఉదాహరణగా ఇచ్చాయి. ఇంత సూక్ష్మంగా చూసిన కళ్లకు కౌంటరు కనిపించకపోవడమే వింత. ఆ మార్గదర్శకాలు తెరమీది అమరికకే పరిమితం. అదే పనిని మనిషి చేస్తే, అంటే ప్లాను కలిపిన మొత్తాన్నే ధరగా చెప్పి, వద్దంటే 'మీ ఇష్టం సార్, రేపు పాడైతే మాకు సంబంధం లేదు' అని నలుగురిలో గట్టిగా అంటే, దానికి డార్క్ ప్యాటర్న్ అన్న గౌరవం దక్కదు. అనుచిత వ్యాపార పద్ధతి అన్న విశాలమైన నిర్వచనం కింద దాన్ని తెచ్చుకోవచ్చు గానీ, ఏది తప్పో ముందే పేరు పెట్టి చెబితే తప్ప మన వ్యాపారి దాన్ని తప్పుగా గుర్తించడు.

న్యాయం కోరి వెళ్లే దారిలో కూడా ఒక మలుపు ఉంది. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేకుండా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేసుకోవచ్చు, ఉన్న ఊరి నుంచే చేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, ఇదంతా మేలే. కానీ వారంటీ షరతులే ఏకపక్షమైనవని, అంటే చట్టం చెప్పిన అన్యాయ ఒప్పందం కిందికి వస్తాయని వాదించి వాటిని రద్దు చేయించుకోవాలంటే ఆ అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్‌కూ జాతీయ కమిషన్‌కూ మాత్రమే ఉంది. వెయ్యి రూపాయల ప్లానులోని ఒక వాక్యాన్ని కొట్టివేయించడానికి ఆదిలాబాద్ వినియోగదారుడు హైదరాబాద్ కమిషన్‌ను ఆశ్రయించాలన్న మాట. ఆ వాక్యం రాసిన న్యాయవాదికి ఈ సంగతి తెలియదనుకోవడం అమాయకత్వం.

అందువల్ల కోరేది పెద్దదేమీ కాదు. బీమా కంపెనీలు ఎన్ని క్లెయిములు పరిష్కరించాయో, వసూలు చేసిన ప్రీమియంలో ఎంత తిరిగి చెల్లించాయో హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఏటా ప్రచురిస్తోంది. బీమా కాని బీమాగా, ఆ నియంత్రణకు అందకుండా అమ్ముడవుతున్న వారంటీ ప్లాన్లకు అలాంటి వెల్లడి ఏదీ లేదు. ప్లాను అమ్మే ప్రతి సంస్థ గత ఏడాది ఎంత వసూలు చేసింది, మరమ్మతులకు ఎంత ఖర్చుపెట్టింది, ఎన్ని అభ్యర్థనలను ఏ కారణంతో తోసిపుచ్చింది అన్న మూడు అంకెలను కౌంటరు మీద ధర పక్కనే, ధర రాసినంత పెద్ద అక్షరాల్లో, తెలుగులో ప్రదర్శించాలని ఆదేశిస్తే చాలు. మినహాయింపులన్నీ సంతకానికి ముందు ఒకే పేజీలో చదివించాలన్నది దానికి చేర్పు. అంకెలు గొప్పగా ఉన్న సంస్థకు ఇది ఉచిత ప్రకటన అవుతుంది, అభ్యంతరం చెప్పేది ఎవరో దాన్నిబట్టే తెలుస్తుంది. డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాలను దుకాణం కౌంటరుకూ వర్తింపజేస్తూ ఒక సవరణ, వెలిసిపోని బిల్లు లేదా ఫోనుకు పంపే బిల్లు తప్పనిసరి చేస్తూ ఒక ఉత్తర్వు కూడా వెలువడేలా చూడాలని విజ్ఞప్తి.

ఈలోగా ఈ లేఖ చదివే వినియోగదారులకు ఒక మనవి: కొన్నరోజే బిల్లును ఫొటో తీసి పెట్టుకోండి, మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, ఫిర్యాదు సంఖ్య రాసుకోండి.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల ఒక వినియోగదారుడు